గుండె, గురక, గార్డుగారు

మార్చి 3, సోమవారం

ఈ నోటుబుక్కు ఎవరికీ చూపించేది కాదు. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన నిద్ర కాగితం వేరే ఉంది. అందులో ఎన్నింటికి పడుకున్నాను, ఎన్నింటికి లేచాను అని రెండే గళ్ళు. డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషి కేసు రెండు గళ్ళలో పడుతుందా? అందుకని ఇది.

నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే రాస్తున్నది నా ఆడపడుచు, పోయిన మా ఆయన చెల్లెలు. ముప్ఫై ఒక్క ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పిన పంతులమ్మ. నా మాటలు కాస్త రాతలో పెడతానంది. పెట్టుకోమన్నాను, తిట్లు మాత్రం దిద్దకూడదని షరతు.

ఈ రోజు రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి నోటీసు ఇచ్చాం. ముప్ఫై రోజులు గోడకు అంటించి ఉంచుతారట. గుమాస్తా నా వేలిముద్ర తీసుకుంటూ, "ఎవరి పెళ్ళి మామ్మగారూ? మనవరాలిదా?" అన్నాడు.

"బొటనవేలు ఎవరిది నాయనా?"

"మీదే."

"పెళ్ళీ దానిదే."

పెళ్ళికొడుకు నా పక్కనే నిలబడి నేల చూపులు చూస్తున్నాడు. రైళ్ళలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. భార్య పోయి తొమ్మిదేళ్ళు. నాకు నలభై ఏళ్ళుగా పరుపుల షాపు. పోయిన ఏడాది ఒంటి పరుపు కావాలని వచ్చాడు. వారం తిరక్కుండా మెత్తగా ఉందని వెనక్కి తెచ్చాడు. గట్టిగా ఇంకోటి కుట్టిచ్చాను. నెల తరవాత అది గట్టిగా ఉందని తెచ్చాడు. మధ్యస్తంగా మూడోది ఇచ్చాను. మూడోసారి పరుపు నెత్తిన పెట్టుకుని వస్తుంటే, బాగాలేనిది పరుపు కాదని మా వీధి మొత్తానికి అర్థమైపోయింది. ఆయనకే చివరికి అర్థమైంది.

సాక్షి సంతకం పంతులమ్మదే. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. నా అర్ధమొగుడే నా రెండో పెళ్ళికి సాక్షి. ఇంత విడ్డూరం ఎవరి కేసులో ఉంది?

నవ్వొస్తోంది. పొద్దుటి నుంచీ ఇదే వరస. దూది ఏకుతున్నా నవ్వే, దారం ఎక్కిస్తున్నా నవ్వే.

మార్చి 4, మంగళవారం

గార్డుగారికి తెలియనివి రెండున్నాయి. నా గుండె, నా గురక.

పోయిన నెల గుండె లయ తప్పింది. ఆసుపత్రిలో మత్తిచ్చి కరెంటు పెట్టి దారికి తెచ్చారు. రక్తం గడ్డకట్టకుండా మాత్రలిచ్చారు. తరవాత గుండె డాక్టరమ్మ నన్ను ఒక గదిలో పడుకోబెట్టి ఒంటినిండా తీగలు అంటించి నిద్రపొమ్మంది. తెల్లారాక చెప్పింది: నిద్రలో గంటకు నలభై ఒక్కసార్లు నాకు ఊపిరి ఆగుతోందట.

"అబద్ధం. నేను పడుకుంటే రాయిలా పడుకుంటాను," అన్నాను.

"రాయికి ఊపిరి అక్కర్లేదండీ. మీకు కావాలి," అంది. నా మనవరాలి ఈడుంటుంది, నోరు మాత్రం నా ఈడుది.

గొంతు మూసుకుపోతుందట. రక్తంలో ప్రాణవాయువు పడిపోతుందట. ఆగినప్పుడల్లా గుండె ఉలిక్కిపడుతుంది, బీపీ ఎగురుతుంది. ఏళ్ళ తరబడి అలా లాగగా లాగగా గుండె పై గదులు సాగిపోయి లయ తప్పుతుంది.

"పరుపు మీద ఒకే చోట రోజూ పిల్లలు గెంతితే దూది జారిపోయినట్టా?" అన్నాను.

"అచ్చంగా అంతే," అని ఆమె ఆ మాట కాగితం మీద రాసుకుంది. మిగతా వాళ్ళకు చెప్పడానికట. డాక్టరు నా దగ్గర నేర్చుకుంది, అది కూడా రాయవే పంతులమ్మా.

మందు ఏమిటయ్యా అంటే, ముక్కుకు మాస్కు, దానికో గొట్టం, దానికో మెషీన్. నిద్రపోయినంతసేపూ గాలి కొట్టి గొంతు తెరిచి ఉంచుతుంది. అందులో ఒక కార్డు ఉంటుంది, ఎంతసేపు పెట్టుకున్నానో, ఊపిరి ఎన్నిసార్లు ఆగిందో చాడీలు చెప్పడానికి. నెల తరవాత కార్డు చూసి, గుండెకు తరవాతి వైద్యం ఏమిటో చెబుతారు. "మాస్కు పెట్టుకుంటే అంతా బాగైపోతుందని హామీ ఇవ్వను. పెట్టుకోకపోతే మాత్రం లయ మళ్ళీ తప్పే అవకాశం ఎక్కువ. గడ్డ కట్టి తలకెక్కితే పక్షవాతం," అంది. "ఇంట్లో ఎవరికైనా చెప్పండి. మీ పక్కన పడుకునేవాళ్ళకు ముఖ్యంగా."

పక్కన పడుకునేవాడు ఏప్రిల్ నాలుగున వస్తాడమ్మా అనలేదు. సిగ్గేసింది.

మార్చి 5, బుధవారం

రాత్రి మాస్కు పెట్టుకుని పడుకున్నాను. నిద్రంటే ఇదా! నలభై ఏళ్ళు ఊరందరికీ నిద్ర అమ్మాను, దాని రుచి నాకే తెలియదు. తల భారం లేదు, నోరు ఎండలేదు. మధ్యాహ్నంలోపు రెండు పరుపులు కుట్టేసి మూడోదానికి దూది ఏకుతుంటే పంతులమ్మ, "వదినా, నీకు దెయ్యం గానీ పట్టిందా?" అంది.

మార్చి 6, గురువారం

సర్వనాశనం.

రోజూ పొద్దున్న ఏడింటికి గార్డుగారూ నేనూ నది గట్టున నడుస్తాం. ఈ రోజు వంతెన దగ్గర ఆగి నా ముఖంలోకి తేరిపార చూశాడు. ఆ చూపుకు నాకు వంద పాటలు గుర్తొచ్చాయి.

"మీ బుగ్గల మీద ఈ గీతలేమిటండీ?" అన్నాడు.

మాస్కు పట్టీల గీతలు. చెవి నుంచి ముక్కుదాకా అటొకటి, ఇటొకటి. చెప్పేద్దామని నోరు తెరిచాను. ఈలోగా ఆయనే, "దిండు కుట్లు పడ్డట్టున్నాయి. మీ కుట్టు అంత మొరటని అనుకోలేదే!" అన్నాడు.

నా కుట్టు! మొరటు! ఈ ఊళ్ళో నా దిండు మీద పడుకున్న పసిబిడ్డ చెంప మీదైనా గీత పడిందా? జడ్జీగారి ఇంటికి కుట్టాను, ఆసుపత్రి పిల్లల వార్డుకు కుట్టాను. చచ్చినా నా కుట్టు మీద మాట పడనివ్వను. అలాగని మాస్కు సంగతి చెబితే నా ముఖం మీద మాట పడుతుంది. మింగలేను, కక్కలేను.

"అది నా దిండు కాదు. పంతులమ్మ కుట్టిన దిండు," అన్నాను.

పంతులమ్మ ఈ వాక్యం రాయనని పెన్ను కింద పెట్టింది. పావుగంట బతిమాలితే రాసింది.

మార్చి 7, శుక్రవారం

నిన్న మాస్కు పెట్టలేదు. ముఖం నున్నగా ఉంది. గార్డుగారు, "దిండు మార్చారా?" అన్నాడు. మార్చానన్నాను.

మార్చి 8, శనివారం

కార్డు సంగతి ఆలోచించాను. చాడీలు చెప్పేదానికి చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

పంతులమ్మకు అరవై ఆరేళ్ళు, ముక్కు సరిగ్గా నా ముక్కంతే ఉంటుంది. మాస్కు అతికినట్టు సరిపోయింది.

"ఇది మోసం వదినా."

"నెల రోజులే. పెళ్ళయ్యాక నెమ్మదిగా చెప్పి నేనే పెట్టుకుంటాను."

"అప్పుడు మాత్రం గీతలు పడవా?"

"అప్పుడు పడితే ఏం? వెనక్కి ఇచ్చేస్తాడా?"

"ఆయన అలవాటు తెలిసే అంటున్నావా? మూడుసార్లు పరుపు వెనక్కి తెచ్చాడు," అంది పంతులమ్మ.

ఈమెకు చదువు ఎక్కువైంది. అయినా పెట్టుకుంది. ముప్ఫై ఏళ్ళు మా ఇంట్లో తిన్నందుకని నేను అనలేదు. ఆమే అనుకుందేమో. రాయి, రాయి, అదీ రాయి.

మార్చి 11, మంగళవారం

గుండె గంతులేస్తోంది. గార్డుగారు వీధి మలుపు తిరగకముందే దడ మొదలు. పదహారేళ్ళప్పుడు కూడా ఇలా లేదు. అప్పుడు నాకు ఇష్టమా అని ఎవరడిగారు? ఈయన అడిగాడు. షాపులో అందరి ముందూ, తల మీద పరుపుతో.

మార్చి 14, శుక్రవారం

దడ. మెట్లెక్కుతుంటే కళ్ళ ముందు మిణుగురులు. ప్రేమంటే ఇంత బరువు పనని ఎవరూ చెప్పలేదు. పంతులమ్మకు చెబితే, "నాకు తెలియదు వదినా, నేను పెళ్ళే చేసుకోలేదుగా," అని నా చెయ్యి పట్టుకుని నాడి చూడబోయింది. విదిలించాను.

మార్చి 17, సోమవారం

కరెంటు రీడింగు తీసేవాడు వచ్చాడు. వాణ్ణి చూసినా గుండె అలాగే కొట్టుకుంది.

వాడు బట్టతలవాడు. వాడంటే నాకేమీ లేదు.

మార్చి 18, మంగళవారం

ఏమీ లేదు. ఎండ ఎక్కువగా ఉంది, అంతే.

మార్చి 21, శుక్రవారం, ఆసుపత్రి

నిన్న మధ్యాహ్నం పరుపు మూల కుడుతుంటే దబ్బనం చేతిలోంచి జారింది. తీసుకుందామని వంగాను. అంతవరకే నాకు తెలుసు. పంతులమ్మ చెప్పిన ప్రకారం నేను దూది కుప్పలో పడ్డాను, అందుకే ఎముక విరగలేదు. నా సరుకే నన్ను కాచింది.

మళ్ళీ కరెంటు పెట్టారు. గుండె దారికొచ్చింది. తరవాత డాక్టరమ్మ మా మెషీన్ కార్డు తెప్పించి కంప్యూటర్లో పెట్టింది.

"ఎనిమిదో తేదీ నుంచి మీకు ఒక్కసారి కూడా ఊపిరి ఆగలేదు. మెషీన్ గట్టిగా గాలి కొట్టాల్సిన అవసరమే రాలేదు. అద్భుతం," అంది.

"మరే," అన్నాను.

"ఇంత అద్భుతంగా నిద్రపోతే గుండె ఎందుకు తప్పిందో నాకు అంతుబట్టడం లేదు. ఈ గొంతు ఎవరిదండీ?"

తేలు కుట్టిన దొంగలా నేను గోడవైపు తిరిగాను. మంచం అవతలి నుంచి పంతులమ్మ, ముప్ఫై ఒక్క ఏళ్ళు పిల్లలతో చెయ్యెత్తించిన మనిషి, మెల్లగా తన చెయ్యెత్తింది.

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నా మంచం మీద కూర్చుని, "చచ్చిపోయేవారు," అంది. అంతే అంది. ఆ మాట మెత్తగా అంటే ఎంత గట్టిగా తగులుతుందో!

నా చేతికి మాస్కు ఇచ్చి పట్టీలు ఎంత వదులుగా కట్టాలో నేర్పింది. అంతకుముందు నేను పరుపు మూల బిగించినట్టు బిగించానట, గీతలు అందుకేనట. కళ్ళు మూసుకున్నాను. నిద్ర పట్టేసింది.

కళ్ళు తెరిచేసరికి సాయంత్రం నాలుగు. మంచం కాళ్ళ దగ్గర గార్డుగారు. పంతులమ్మ ఫోను చేసి చెప్పేసిందట. నా ముఖం మీద ఏనుగు తొండం. తీసేలోపు ఆయన చూడాల్సింది చూసేశాడు. ఆయన ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

"గురక వస్తుందా మీకు?" అన్నాడు.

"వస్తుంది. మధ్యలో ఊపిరి ఆగుతుందట."

ఆయన టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు.

మార్చి 22, శనివారం

ఇంటికి పంపారు. మాస్కు పెట్టుకున్నాను. నేనే.

ఆయన రాలేదు.

మార్చి 23, ఆదివారం

రాలేదు. నేను ఎదురు చూడలేదు.

మార్చి 24, సోమవారం

రాలేదు. కిటికీ దగ్గర కూర్చున్నది గాలి కోసం.

మార్చి 25, మంగళవారం

పరుపు కాబట్టి మూడుసార్లు తెచ్చాడు. నన్ను ఒక్కసారికే వదిలేస్తాడా? తేల్చుకుంటానని బయలుదేరాను. పంతులమ్మ అడ్డం వచ్చింది, పక్కకు జరిపాను. వెనకే గొడుగు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

ఆయనది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మెట్లు వద్దంది డాక్టరమ్మ. వీధి మధ్యలో నిలబడి పిలిచాను.

"గార్డుగారూ! కిందికి దిగుతారా, నన్ను పైకి రమ్మంటారా? పైకొస్తే ప్రాణానికి ప్రమాదమంది డాక్టరమ్మ. ఆ పాపం మీదే!"

కిటికీలన్నీ తెరుచుకున్నాయి, ఆయనది తప్ప.

"ఒకటి లెక్కపెడుతున్నాను! రెండు లెక్కపెడుతున్నాను!"

"వదినా, మూడు అన్నాక ఏం చేస్తావు?" అంది పంతులమ్మ చెవిలో.

"నాకేం తెలుసే? రెండున్నర ఉంటుందిగా?"

ఆయన దిగాడు. ఒక కాలికి చెప్పు, ఒక కాలికి బూటు. మెట్ల దగ్గర అరుగు మీద ముగ్గురం కూర్చున్నాం. అప్పుడు ఆయన చెప్పాడు.

"మా ఆవిడకు గురక ఉండేదండీ. ఇల్లు అదిరిపోయేది. డ్యూటీ నుంచి వచ్చి పడుకుంటే నాకు నిద్ర పట్టేది కాదు. మధ్యమధ్య ఆగిపోయేది. ఆగినప్పుడల్లా హమ్మయ్య అనుకునేవాణ్ణి. ఆ సందులో నిద్రపోయేవాణ్ణి." వంగి బూటు తాడు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. "ఒకరోజు పొద్దున్న లేచేసరికి అది ఆగే ఉంది. గుండె అన్నారు. ఆగిందని సంతోషించిన మనిషినండీ నేను. మళ్ళీ ఒక మనిషి పక్కన పడుకుని, ఊపిరి వింటూ... నా వల్ల కాదు."

పంతులమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

నేను గీతల సంగతి చెప్పాను. దిండు నాదేనని, అబద్ధమాడానని, మీ ముందు నున్నగా కనపడాలని చావుదాకా వెళ్ళొచ్చానని. ఆయన నా వైపు అలాగే చూశాడు.

"అందుకా?" అన్నాడు. "డెబ్బై ఏళ్ళ ముఖం మీద ఇంకో రెండు గీతలు నేను లెక్కపెడతాననా?"

"డెబ్బై ఒకటి. మర్యాదగా మాట్లాడండి."

నవ్వాడు. నవ్వి, వెంటనే తల అడ్డంగా ఊపాడు. "భయం పోదండీ."

"పోనివ్వకండి. భయంతోనే రండి," అన్నాను. "శుక్రవారం మధ్యాహ్నం షాపుకు రండి. వెలుతురులో, అందరి మధ్య, నేను మాస్కు పెట్టుకుని పడుకుంటాను. మీరు కూర్చుని వినండి. ఒక్కసారి ఆగినా లేచి వెళ్ళిపోండి. నోటీసు నేనే చింపి పారేస్తాను."

"గోడకు అంటించింది చింపితే జరిమానా వదినా," అంది పంతులమ్మ.

మార్చి 28, శుక్రవారం

షాపు ముందు వైపు, అద్దం పక్కన, నాకోసం కుట్టుకున్న పరుపు వేశాను. గార్డుగారు ఒకటిన్నరకు ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. స్టూలు లాక్కుని నా తల దగ్గర కూర్చున్నాడు. మాస్కు పెట్టుకున్నాను. పట్టీ ఆయనే సరిచేశాడు.

తరవాతిది నేను చూడలేదు. కిందిది పంతులమ్మ సొంతంగా రాసి నాకు చదివి వినిపించింది. తీసెయ్యమన్నాను, తీయనంది.

"వదిన రెండు నిమిషాల్లో నిద్రపోయింది. గార్డుగారు చెవి మాస్కు దగ్గరగా వంచి, మోకాలి మీద వేలితో లెక్కపెడుతున్నారు. మొదటి అరగంట ఆయన ఊపిరే ఆగినట్టుంది. వీధిలో పోయేవాళ్ళు అద్దం దగ్గర ఆగారు. ఒకాయన లోపలికొచ్చి, పరుపుతో పాటు ఆ మెషీన్ కూడా ఇస్తారా అని అడిగారు. నోటి మీద వేలు పెట్టి పంపేశాను. గంట దాటాక గార్డుగారి భుజాలు దిగాయి. వదిన ఛాతీ లేస్తోంది, పడుతోంది, అదే తీరున. ఈ మనిషితో ముప్ఫై ఏళ్ళుగా ఒకే కప్పు కింద ఉన్నాను. గోడ అవతల ఆ గురక ఆగడం, మళ్ళీ ఉరిమినట్టు రావడం నేనూ విన్నాను. అలవాటైన చప్పుడని దుప్పటి ముసుగేసుకున్నాను. ఆయన ఏడుస్తున్నారు. నేనూ."

కళ్ళు తెరిచేసరికి మూడుంపావు. అద్దానికి ముక్కులు ఆనించి ఏడెనిమిది మంది. తల దగ్గర గార్డుగారు, కళ్ళు ఎర్రగా.

మాస్కు పైకెత్తి, "ఏమయింది? ఆగిందా?" అన్నాను.

"గంటా నలభై నిమిషాలు," అన్నాడు. "ఒక్కసారి కూడా ఆగలేదండీ." మళ్ళీ అన్నాడు, చిన్నపిల్లాడిలా. "ఒక్కసారి కూడా!" లేచి తలుపు తీసి, వీధిలో నిలబడ్డ ముక్కూ మొహం తెలియనివాళ్ళకు కూడా చెప్పాడు. ఎవరో చప్పట్లు కొట్టారు, ఎందుకో వాళ్ళకే తెలియదు.

ఆ సాయంత్రం నాలుగు పరుపులకు ఆర్డర్లు వచ్చాయి.

మార్చి 31, సోమవారం

కార్డు చూశారు. పది రాత్రులూ నావే. గంటకు మూడో నాలుగో ఆగుతున్నాయట, అది మామూలు మనుషులకూ ఉండేదేనట. "గొంతు ఈసారి మీదే," అంది డాక్టరమ్మ. గుండె లయ నిలబడింది. నిలబడే ఉంటుందని హామీ లేదు, మాత్రలు మానకూడదు, మూడు నెలలకు మళ్ళీ చూస్తారు. గార్డుగారు పక్కన కూర్చుని ప్రతిదీ రెండుసార్లు అడిగాడు. మాస్కు జారితే ఏం చెయ్యాలి, గొట్టం ఎప్పుడు కడగాలి, కరెంటు పోతే ఎలా. డాక్టరమ్మ విసుక్కోలేదు. "మీరెవరండీ ఈవిడకు?" అంది చివర్లో.

"శుక్రవారం చెబుతానండీ," అన్నాడు.

ఏప్రిల్ 4, శుక్రవారం

నోటీసు మీద ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. గుమాస్తా అభినందనలు మామ్మగారూ అన్నాడు. మామ్మగారేమిట్రా, పెళ్ళికూతుర్ని అన్నాను.

సాయంత్రం గార్డుగారు ఒక పెట్టె, ఒక రేడియో, మూడు పరుపులతో దిగాడు. మూడూ నేను కుట్టినవే. వెనక్కిచ్చిన రెండూ మారుపేరుతో మనిషిని పంపి మళ్ళీ కొనుక్కున్నాడట. పంతులమ్మ నవ్వి నవ్వి గోడకు చేరగిలబడింది.

మెషీన్ మంచం పక్కన పెట్టాం. గార్డుగారు కింద గొట్టం కడుగుతున్నాడు, ఈల వేస్తూ.

పంతులమ్మా, ఇక్కడితో ఆపు. ఈ తరవాతిది నీకు చెప్పి రాయించే సంగతి కాదు. పెన్ను మూసి, వెళ్ళి పడుకో.